బావిలో దగ్గిన బండి

కార్బ్యురేటర్ విప్పడం తెలిసినవాళ్లు ఏ ఊరికి వెళ్లినా దొరుకుతారు. ఎప్పుడు విప్పకుండా ఊరుకోవాలో తెలిసినవాళ్లు తక్కువ. నేను ఆ తక్కువమందిలో ఒకణ్ణి. ఈ మాట అనడానికి నాకు సిగ్గేమీ లేదు. కర్నూలులో, కడపలో నా చేతి మీదుగా వెళ్లిన పాత మోటారు సైకిళ్లు నడిరోడ్డు మీద మొరాయించి నా పరువు తీసిన సందర్భాలు వెతికినా దొరకవు. దొరికినా ఇక్కడ రాయను.

మెకానిక్కు పనిలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను షెడ్డు ఎప్పుడు పెట్టాను, ఎంత సంపాదించాను, ఎవరెవరు మెచ్చుకున్నారు అన్న గొడవ మీకు అక్కర్లేదు. పని సంగతి చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో నేను పని నేర్చుకున్నాను. అప్పట్లో మా దగ్గరికి వచ్చే బండ్లు ఎక్కువగా యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత ఇంగ్లీషు బండ్లు. ఓవర్సీర్లు, పశువుల డాక్టర్లు, పత్తి వ్యాపారులు వాటిని నడిపేవాళ్లు. ఆ బండ్లు మంచు కురిసే దేశానికి తయారైనవి. మన ఎండకూ, మన దుమ్ముకూ వాటిని అలవాటు చేయడమే మా పని.

కార్బ్యురేటర్ చేసేది చాలా చిన్న పని. పెట్రోలునూ గాలినీ కావలసిన పాళ్లలో కలిపి ఇంజనులోకి పంపుతుంది. దానికి పక్కన చిన్న లోహపు గిన్నె ఒకటి ఉంటుంది. మా షెడ్డులో దాన్ని బుడ్డి అనేవాళ్లం. ట్యాంకులోని పెట్రోలు ముందు అందులోకి దిగుతుంది. నిండగానే లోపల తేలుతున్న డబ్బా పైకి లేచి దారి మూసేస్తుంది. అక్కణ్ణుంచి జెట్టు అనే సన్నటి రంధ్రం గుండా పెట్రోలు గాలిలోకి చిమ్ముతుంది. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లగా పొగ వదులుతుంది, తక్కువైతే దగ్గుతుంది. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతి బాగా తెలిసేసరికి నా తల నెరిసింది.

చేతులు వెనక్కి

నాకు పని నేర్పినవాడు జలీల్ ఉస్తాద్. కర్నూలు పాతబస్తీలో ఆయన షెడ్డు. బక్కపలచటి మనిషి, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి లోపలికి రాగానే మేం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరగాలి. చూడాలి, వాసన పట్టాలి, వినాలి, తెచ్చినవాణ్ణి అడగాలి. ఉస్తాద్ తలూపేదాకా స్క్రూ మీద చేయి పడకూడదు.

"చేతులు ముందుకొస్తే బుద్ధి వెనక్కి పోతాది బేటా," అనేవాడు ఆయన.

నాకు ఒళ్లు మండేది. పక్క షెడ్డువాడు బండి రావడమే ఆలస్యం, స్క్రూడ్రైవరు తీసుకుని మీద పడేవాడు. చూసేవాళ్లకు వాడే పనిమంతుడిలా కనిపించేవాడు. మేమేమో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా చేతులు కట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుండేవాళ్లం. గిరాకీలు విసుక్కుని వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి.

ఉస్తాద్‌లో లోపాలు లేకపోలేదు. ఏదీ విడమరచి చెప్పేవాడు కాదు. అడిగితే కసిరేవాడు. మంచి పనివాడు మంచి గురువు కావాలని ఎక్కడా లేదు. అయినా ఆ చేతులు కట్టుకునే అలవాటు ఒక్కటి ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

తడి తువ్వాలు

ఆ అలవాటు విలువ నాకు మొదట తెలిసింది నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక రెడ్డిగారి బండితో. పొద్దున బాగా నడుస్తుందట, మధ్యాహ్నమైతే నల్లటి పొగ వదులుతూ ఎద్దుబండి కంటే మెల్లగా పోతుందట.

"పెట్రోలు శానా తాగుతాండాది అబ్బీ. నీళ్లు తాగినట్ల తాగుతాండాది," అన్నాడాయన.

నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే కార్బ్యురేటర్ గాలి పీల్చే మూతి అంచున ఎర్రటి దారపు పోగు ఒకటి కనిపించింది. ఇదేందని అడిగాను.

"తువ్వాలుది. ఎండ ఎక్కితే తడిపి ఆ మూతికి కడతా. లోపలికి దుమ్ము పోదు, సల్లగాలి పోతాది. కుండకు తడిగుడ్డ సుట్టమా ఏంది?"

మన సీమలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ తట్టని ఆలోచన అది. నీళ్లకుండకు తడిగుడ్డ, పసిబిడ్డ నుదుటికి తడిగుడ్డ, వాకిట్లో తడకకు తడిగుడ్డ. మరి బండి మాత్రం ఏం పాపం చేసింది? కానీ మూతికి తడి తువ్వాలు బిగిస్తే దానికి గాలి ఆడదు. గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువవుతుంది. పొగ రాక ఏమవుతుంది? కార్బ్యురేటర్‌ను ముట్టుకోకుండానే ఆ బండి బాగుపడింది. నేను పగలబడి నవ్వాను. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు.

"కట్టిన చోటు తప్పు. కట్టాలనుకోవడం తప్పు కాదు," అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. చాదస్తం అనుకున్నాను.

ప్లగ్గు రంగు

ఇంకొక్క విషయం చెప్పి అసలు కథలోకి వస్తాను. స్టాండు మీద నిలబెట్టి రెయ్యిమనిపించి, చెవి ఒగ్గి విని, సరిపోయిందని తలాడించేవాళ్లను నమ్మకండి. నిలబడ్డ బండి అందరి దగ్గరా బుద్ధిగానే ఉంటుంది. దాన్ని ఎత్తు రోడ్డు ఎక్కించాలి. బరువు లాగుతుండగా ఇంజను ఆపేసి, క్లచ్ పట్టి, దొర్లించి, పక్కన నిలిపి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాల్లేదు. మసి పడితే ఎక్కువైంది. వేయించిన వేరుశనగ గింజ మీది పొట్టు రంగులో ఉంటే ఇక స్క్రూ జోలికి పోకుండా ఇంటికి వెళ్లి అన్నం తినవచ్చు. నేను డోన్ రోడ్డు ఎత్తు మీద ప్లగ్గులు చూసీ చూసీ వేళ్లు కాల్చుకున్నాను. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఉరుసులో చెక్కబావి

కడప దగ్గర ఒక దర్గా ఉరుసుకు చెన్నప్ప అనే ఆయన మోటారు సైకిల్ బావి తెచ్చాడు. మీలో చూడనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతాను. చెక్కలతో నిలువుగా కట్టిన పెద్ద గుండ్రటి గోడ అది. జనం పైన అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. లోపల ఒకడు మోటారు సైకిల్ మీద గుండ్రంగా తిరుగుతూ, వేగం పెంచుతూ, గోడ మీదికి ఎక్కేస్తాడు. నేలకు అడ్డంగా పడుకున్నట్టు గోడ మీద తిరుగుతాడు. వేగం ఉన్నంతసేపే వాడు గోడ మీద ఉంటాడు. ఇంజను తడబడితే కింద ఉన్నది గట్టి నేల.

అందులో తిరిగేవాడు ఆదోని దగ్గర పల్లెవాడు హుసేనప్ప. ఆటలో చివరి అంశానికి భార్య మస్తానమ్మను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిరిగేవాడు. ఆమె చేయి చాచి, జనం అందించే రూమాళ్లూ నోట్లూ అంచు దగ్గర అందుకునేది. జనం వచ్చేది ఆ అంశం కోసమే.

ఆ బండి గోడ మీద దగ్గుతోందని చెన్నప్ప కర్నూలుకు కబురు పెట్టాడు. అప్పటికి ఉస్తాద్‌కు మోకాళ్ల నొప్పులు. నువ్వు పో అన్నాడు. డోన్‌లోనూ గుంతకల్లులోనూ రైళ్లు మారి కడప చేరాను. ఒంటరిగా పంపిన మొదటి పని. ఛాతీ విరుచుకునే వెళ్లాను.

హుసేనప్ప ఎడమకాలు ఈడుస్తూ ఎదురొచ్చాడు. వెనకటి జాతరలో ఇంజను దగ్గి గోడ మీంచి జారాడట. ఆ పూట మస్తానమ్మకు జ్వరం కాబట్టి బండి మీద లేదు.

"ఆయమ్మ ఉండింటే ఏమయ్యేదో తలుసుకుంటే నిద్ర పట్టల్లేదప్పా," అన్నాడు. "రేప్పొద్దు మాపటేళ ఆటకు ఇద్దరం ఎక్కాల. చెన్నప్ప ఊరంతా మైకులో సెప్పిచ్చినాడు. బండి నమ్మకం లేకుంటే నేను ఆయమ్మను ఎక్కించను. ఎక్కించకుంటే మాకు ఈడ పని ఉండదు."

మస్తానమ్మ పక్కనే నిలబడి జడ అల్లుకుంటోంది. ఆమె తలెత్తకుండానే అంది.

"నేను ఎక్కకుంటే నువ్వు ఒక్కనివే పడతావు. అంతే గదా తేడా. బండి సంగతి సూడమను ఆయప్పను."

నేను బండి సంగతి చూశాను. విప్పి కడిగాను. జెట్టు శుభ్రంగా ఉంది. తేలే డబ్బాకు చిల్లు లేదు. డబ్బా లేచినప్పుడు దారి మూసే సూది అరగలేదు. నీడలో నిలబెట్టి నడిపితే గడియారంలా నడిచింది. ఎత్తు రోడ్డు మీద తీసుకెళ్లి ప్లగ్గు చూశాను, వేరుశనగ పొట్టు రంగే. ఆ సాయంత్రం ఎండ ఉండగానే జరిగిన ఆటలో హుసేనప్ప ఒంటరిగా గోడ ఎక్కాడు. పై అంచుకు రాగానే బండి దగ్గింది. ఆయన వెంటనే కిందికి దిగిపోయాడు కాబట్టి బతికిపోయాడు. నా ఛాతీ లోపలికి పోయింది.

చెన్నప్పకు ఒకటే అనుమానం. "గోడ మీద బండి అడ్డం తిరుగుతాది గదా, బుడ్డిలో పెట్రోలు ఒక పక్కకు ఒరిగిపోతాండాది."

నాకూ అదే అనిపించింది. కానీ చెంబు నిండా నీళ్లు పోసి, తాడు కట్టి, గిరగిరా తిప్పి చూశాను. చెంబు అడ్డం తిరిగినా చుక్క బయటికి రాలేదు. తిరుగుతున్నంతసేపూ నీళ్లు అడుగుకే అదుముకుని ఉన్నాయి. బుడ్డిలోనూ అంతే అయి ఉండాలి. కాబట్టి తప్పు గోడ మీద లేదు.

చేతులు వెనక్కి, మళ్లీ

మరునాడు పనిముట్ల సంచీ మూసేసి, చేతులు వెనక్కి కట్టుకుని బండి వెంట తిరగడం మొదలుపెట్టాను. చెన్నప్పకు కోపం వచ్చింది.

"నిన్ను పిలిపిచ్చింది తిరునాల సూడనీకి కాదు!"

"కసిరితే జెట్టు బాగుపడదు, ఉండప్పా," అన్నాను.

ఆటకు ముందు ఏం జరుగుతుందో చూశాను. బావి బయట ఎత్తుగా ఒక అరుగు కట్టారు. జనాన్ని పిలవడానికి బండిని దాని మీద ఉన్న రోలర్ల మీద పెట్టి, హుసేనప్ప ఎక్కి కూర్చుని నిలబడ్డచోటే చక్రాలు తిరిగేలా నడుపుతాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత జనం. నెత్తిన ఎండ, వెనక రేకుల గోడ. టికెట్లు అమ్ముడయ్యేదాకా బండి అక్కడే అరుస్తుంది. తర్వాత దాన్నే దించి బావిలోకి తోస్తారు.

నేను మస్తానమ్మ దగ్గరికి వెళ్లాను. అందరినీ అడిగాను గానీ ఆ బండి మీద కూర్చునే మనిషిని మాత్రం అడగలేదని అప్పుడు తట్టింది.

"అమ్మా, గోడ మీద దగ్గేముందు నీకేమన్నా తెలుస్తుందా?"

"తెలీకేం? కాలు కాలుతాది," అంది వెంటనే. "ట్యాంకు కాదు. కింద బుడ్డి ఉండాది సూడు, అది నా పిక్కకు తగుల్తాది. పొద్దుగూకినాక ఆటలో సల్లగా ఉంటాది, అప్పుడు దగ్గదు. ఎండపూట కాలుతాది, అప్పుడే దగ్గుతాది. ఈయప్పకు సెప్పినా. ఇంజను అన్నాక కాలదా అన్నాడు."

నేను పరుగెత్తుకుంటూ అరుగు ఎక్కాను. ఇంజను ఆపించి బుడ్డి మీద చేయి పెట్టాను. పెట్టిన చేయి అక్కడ నిలవలేదు. చెవి దగ్గరికి తెచ్చుకుంటే లోపల సన్నగా బుసబుస వినిపించింది. పెట్రోలు మరుగుతోంది. రోడ్డు మీద పోయే బండికి ఎదురుగాలి తగిలి ఇంజను చల్లబడుతుంది. రోలర్ల మీద కదలకుండా అరిచే బండికి ఏ గాలీ లేదు. ఇంజను వేడంతా కార్బ్యురేటర్‌కు ఎక్కి, బుడ్డిలో పెట్రోలు ఆవిరి బుడగలవుతోంది. ఆ బుడగలు జెట్టులో అడ్డం పడితే, సరిగ్గా బలం కావలసిన చోట, గోడ పై అంచున, ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. నేను నీడలో విప్పి చూసేసరికి అంతా చల్లబడి, ఏ పాపమూ ఎరగనట్టు ఉంటోంది.

అప్పుడు గుర్తొచ్చింది, కట్టిన చోటు తప్పు, కట్టాలనుకోవడం తప్పు కాదన్న ఉస్తాద్ మాట. ఆ రెడ్డిగారికి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

చెన్నప్పతో రగడ

ఈ బండి అరుగు ఎక్కడానికి వీల్లేదు అన్నాను. చెన్నప్ప ఎగిరిపడ్డాడు.

"అరుగు మీద శబ్దం లేకుంటే జనం యాడ వస్తారు? మూగబండిని సూడనీకి ఎవడొస్తాడప్పా?"

"ఆయమ్మ కింద పడితే సూడనీకి వస్తారా?" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే. మస్తానమ్మ నా వైపు చూసింది. చెన్నప్ప చెడ్డవాడు కాదు. ఆ బావి మీద ఆధారపడి గుడారం నిండా మనుషులున్నారు.

గుడారం వెనక పాడుపడ్డ బండి ఇంకొకటి ఉంది. గోడ ఎక్కే సత్తువ దానికి లేదు, అరిచే సత్తువ ఉంది. "దాన్ని అరుగు మీదికి ఎక్కించు. ఊరంతా అదిరేటట్టు నేను చేసిస్తా," అన్నాను. జీవితంలో ఒకే ఒక్కసారి ఒక బండి కార్బ్యురేటర్‌ను కావాలని చెడగొట్టాను. గాలి స్క్రూ తిప్పి పాళ్లు తప్పించి, పొగ పోయే పైపు విప్పేశాను. అది ఫెటేల్ ఫెటేల్‌మని పేలుతుంటే మేకలు తాళ్లు తెంపుకున్నాయి, జనం అరుగు చుట్టూ మూగారు. చెన్నప్ప ముఖం వెలిగిపోయింది. బాగు చేయడం ఎంత తెలుసో చెడగొట్టడమూ అంతే తెలియాలి. రెండూ ఒకటే విద్య.

అసలు బండిని బావి వెనక నీడలో పెట్టించాను. ఇంజనుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య ఉన్న పలచటి అట్ట తీసేసి, నూనె మిల్లు పాత సామాన్లలో దొరికిన మందపాటి ఫైబరు ముక్క కోసి, రంధ్రం చేసి బిగించాను. వేడి అటు నుంచి ఇటు ఎక్కకుండా అదొక గోడ. తడి గోనెగుడ్డ బుడ్డికి చుట్టాను. మూతికి కాదు, బుడ్డికి. ఆట మొదలయ్యేదాకా నీళ్లు చిలకరిస్తూ దాని పక్కనే కూర్చున్నాను. మైకు పిలవగానే గోనె విప్పేసి, నా పాత బనీను చింపిన మసి గుడ్డతో తుడిచి, బుడ్డి మీద అరచేయి పెట్టి చూశాను. నీళ్లకుండలా చల్లగా ఉంది.

హుసేనప్ప నా ముఖంలోకి చూశాడు.

"ఎక్కించేదా ఆయమ్మను?"

ఈ పనిలో ఎవరూ మీకు ముందుగా చెప్పని ఘడియ ఇది. గిరాకీ నమ్మకంగా అడుగుతాడు. మీరు నోటితో ఒక మాట చెప్పాలి. తర్వాత జరిగేదానికి ఆ మాటే పూచీ. ముందురోజు ప్లగ్గు చూసి కూడా సరిపోయిందనే అనుకున్నాను మరి.

"మొదట నువ్వొక్కడివే అంచుదాకా ఎక్కు. దగ్గకుంటే ఎక్కించు," అన్నాను.

నేను మెట్లెక్కి పైన జనంలో నిలబడ్డాను. ఎండ ఇంకా దిగలేదు. హుసేనప్ప గోడ ఎక్కాడు. అంచుకు వచ్చాడు. చెక్కలు వణుకుతున్నాయి. ఇంజను ఒకే శ్రుతిలో పలుకుతోంది. మళ్లీ తిరిగాడు, మళ్లీ తిరిగాడు. దగ్గలేదు. కిందికి దిగి, నా కోసం పైకి చూడకుండానే, భార్యకు చేయి అందించాడు.

ఇద్దరూ ఎక్కారు. నేను చూడలేక చెవి మాత్రం ఇచ్చి కళ్లు మూసుకున్నాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకునే ఉన్నాను. మసి గుడ్డ ఆ చేతుల్లోనే ఉండిపోయింది. ఇంజను పాట తప్ప నాకు ఇంకేమీ వినపడలేదు. ఎక్కడా పోగు తెగలేదు.

"మెకానిక్కన్నా! ఆ సేతులు వెనక్కి పెట్టుకుంటావేంది? సాపు!"

కళ్లు తెరిచాను. మస్తానమ్మ గోడ మీంచి అరుస్తూ నా ముందునుంచి దూసుకుపోయింది. రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. నవ్వుతోంది. అంతవరకూ ఆమె ఒక చేత్తో ట్యాంకును గట్టిగా పట్టుకునే తిరిగేదని తర్వాత చెన్నప్ప చెప్పాడు. అంచు చుట్టూ పట్టు రూమాళ్లు, రంగు రూమాళ్లు, నోట్లు చాచి ఉన్నాయి. నా దగ్గర పెట్రోలు కంపు కొట్టే ఆ బనీను గుడ్డ తప్ప ఏమీ లేదు. దాన్నే చాచాను.

మళ్లీ చుట్టు తిరిగి వచ్చింది. చాచిన రూమాళ్లన్నిటినీ వదిలేసి నా గుడ్డ లాక్కుంది. దాన్ని తల మీద గిరగిరా తిప్పుతూ, మొగుడి ముందు కూర్చుని, బావి చుట్టూ తిరిగింది.